టొయోటా మళ్ళీ ఎఫ్1లోకి వస్తోందంటే నమ్మాలా? మీరే తేల్చుకునే పద్ధతి

ఏదో ఒక పెద్ద కార్ల కంపెనీ ఫార్ములా వన్‌లోకి తిరిగొస్తోందన్న వార్త ప్రతి సీజన్లోనూ పుడుతుంది. కొన్ని నిజమవుతాయి, చాలావరకు చప్పబడిపోతాయి, మరికొన్ని సగం దాకా వచ్చి ఆగిపోతాయి. మన భీమవరం, తణుకు, అమలాపురం వైపు ఎఫ్1 చూసే కుర్రాళ్ళు తక్కువేమీ లేరు, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇలాంటి వార్త ఒకటి పడిందంటే ఆ రోజంతా అదే గొడవ, ఒకడు వెంటనే నమ్మేస్తాడు, ఇంకొకడు కొట్టిపారేస్తాడు, ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు. ఆ ఆధారం ఎక్కడ వెతకాలో, ఏది కనిపిస్తే నమ్మొచ్చో, ఏది చూసి ఎగిరి గంతెయ్యకూడదో చెబుదామనే ఇది రాస్తున్నాను.

టొయోటానే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఆ పేరు మనకి కొత్త కాదు. రావులపాలెం సెంటర్లో కాసేపు నిలబడండి, పెళ్ళివారి బండి, తిరుపతి వెళ్ళే బండి, ఎయిర్‌పోర్టుకి వెళ్ళే బండి, వరసగా ఇన్నోవాలే. అదే కంపెనీ 2002 నుంచి 2009 దాకా ఎనిమిది సీజన్లు సొంత జట్టు, సొంత ఇంజిన్‌తో ఎఫ్1లో పోటీ పడిందని మాత్రం మనలో చాలామందికి తెలియదు. జర్మనీలోని కొలోన్‌లో ఫ్యాక్టరీ, దాదాపు 140 రేసులు, 13 పోడియంలు (మొదటి మూడు స్థానాల్లో ఒకటి), గెలుపు ఒక్కటి కూడా లేదు. ఆ ఎరుపు తెలుపు కారు ఒక్క రేసైనా గెలవాలని కోరుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ వార్త వచ్చిన ప్రతిసారీ గట్టిగా పరీక్షించి చూస్తాను.

ముందు అడగాల్సింది: ఏ హోదాలో వస్తోంది?

కంపెనీ వస్తోందనగానే పూర్తి జట్టును ఊహించుకోకండి. రావడంలో నాలుగు మెట్లున్నాయి, వాటి మధ్య తేడా వందల కోట్లలో ఉంటుంది.

అన్నిటికంటే కింది మెట్టు, పేరు మాత్రమే ఇవ్వడం. 2018లో సౌబర్ జట్టు మీదకి ఆల్ఫా రోమియో పేరు వచ్చింది, 2019 నుంచి 2023 దాకా జట్టు పేరే ఆల్ఫా రోమియో అయిపోయింది, కానీ కారు తయారయ్యేది స్విట్జర్లాండ్‌లో అదే సౌబర్ ఫ్యాక్టరీలో, ఇంజిన్ ఫెరారీది. 2018 నుంచి 2020 వరకు రెడ్‌బుల్ పేరులో ఆస్టన్ మార్టిన్ ఉంది, అప్పుడు కూడా ఆస్టన్ మార్టిన్ ఇంజిన్ లేదు. ఇంకా విచిత్రం కావాలంటే 2016 నుంచి 2018 దాకా రెడ్‌బుల్ కారులో ఉన్న రెనో ఇంజిన్ మీద ట్యాగ్ హోయర్ అనే వాచీల కంపెనీ పేరు రాసి ఉండేది. ఇది మనకి అర్థం కానిదేం కాదు, టొయోటా షోరూంలో అమ్మే గ్లాంజా అసలు మారుతి బాలెనోయే కదా, ముందు గ్రిల్ మీద లోగో మారింది. ఎఫ్1లో కూడా అదే పని పెద్ద డబ్బుతో చేస్తారు. తప్పని అనడం లేదు, ఆ డబ్బుతోనే చిన్న జట్లు బతుకుతాయి. కానీ దాన్ని కంపెనీ పునరాగమనం అని పండగ చేసుకుంటే తొందరపడినట్టే.

రెండో మెట్టు సాంకేతిక భాగస్వామ్యం. ప్రస్తుతం టొయోటా ఉన్నది ఇక్కడ. 2024 అక్టోబర్లో టొయోటా రేసింగ్ విభాగమైన టొయోటా గాజూ రేసింగ్, అమెరికా జట్టు హాస్ కలిసి ఒప్పందం ప్రకటించాయి. విడిభాగాల డిజైన్, తయారీలో టొయోటా సాయం చేస్తుంది, పాత కార్లతో టెస్టులు నడిపిస్తుంది, తన డ్రైవర్లకీ ఇంజినీర్లకీ వాటిలో అనుభవం ఇప్పిస్తుంది. 2026 నుంచి జట్టు పేరు ముందు టీజీఆర్ అనే టొయోటా రేసింగ్ బ్రాండు కూడా చేరింది. అంటే కింది మెట్టూ, ఈ మెట్టూ రెండూ కలిశాయి. ఇంజిన్ మాత్రం ఇప్పటికీ ఫెరారీదే.

మూడో మెట్టు ఇంజిన్ సరఫరా. హోండా చేసేది ఇదే, 2026 నుంచి ఆస్టన్ మార్టిన్‌కి ఇంజిన్ ఇస్తోంది. ఫోర్డ్ ఈ మెట్టుకి కొంచెం కింద ఉంది, రెడ్‌బుల్ సొంతంగా ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో పెట్టుకున్న ఇంజిన్ సంస్థతో చేతులు కలిపి, బ్యాటరీ, మోటార్, సాఫ్ట్‌వేర్ లాంటి విద్యుత్ భాగాల్లో ఎక్కువగా పనిచేస్తోంది. 2023 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు చాలామంది ఫోర్డే ఇంజిన్ మొత్తం చేస్తుందనుకున్నారు.

పై మెట్టు ఆడీది. సౌబర్ జట్టును కొనేసింది, కారు స్విట్జర్లాండ్‌లోని హిన్‌విల్‌లో, ఇంజిన్ జర్మనీలోని నోయ్‌బర్గ్‌లో, రెండూ తనవే. టొయోటా 2002లో వచ్చింది కూడా ఇలాగే. మీ గ్రూపులో ఎవరైనా వార్త పెడితే మొదట వేయాల్సిన ప్రశ్న ఇదొక్కటే: ఇంజిన్ ఎవరిది బాబూ? దానికి జవాబు లేకపోతే మిగతా చర్చ అనవసరం.

తేదీ చూడండి

ఇంజిన్ సొంతంగా చేసే కంపెనీ ఎప్పుడు పడితే అప్పుడు రాదు, నిబంధనలు మారే ఏడాదికి గురిపెట్టి వస్తుంది. ఎందుకంటే పాత నిబంధనల మధ్యలో దూరితే, అప్పటికే ఏళ్ళ తరబడి అదే ఇంజిన్‌ని సానబెడుతున్న మెర్సిడెస్, ఫెరారీలను పట్టుకోవడం దాదాపు అసాధ్యం. 2014లో టర్బో హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చాయి, హోండా 2013 మేలో ప్రకటించి 2015లో వచ్చింది, ఒక్క ఏడాది ఆలస్యానికి, రెండేళ్ళ కంటే తక్కువ టైమ్‌లో తయారవడానికి ఎంత మూల్యం చెల్లించిందో అందరం చూశాం. 2026 నిబంధనలకి మాత్రం కంపెనీలు ముందుగానే మేల్కొన్నాయి. ఆడీ 2022 ఆగస్టులో, ఫోర్డ్ 2023 ఫిబ్రవరిలో, హోండా 2023 మేలో ప్రకటించేశాయి. అంటే దాదాపు మూడు, మూడున్నర ఏళ్ళ ముందు.

2026 నిబంధనల్లో కంపెనీలకి ఆశ పుట్టించింది ఏమిటో తెలిస్తే ముందు ముందు వచ్చే పుకార్లని అంచనా వేయడం తేలిక. ఎంజీయూ-హెచ్ అని ఒక భాగం ఉండేది, టర్బోలోని వేడి వాయువుల నుంచి కరెంటు తీసేది, అద్భుతమైన పనితనం, కానీ చేయడం నరకం, రోడ్డు కార్లలో దానికి పెద్దగా చోటు లేదు. దాన్ని తీసేశారు. విద్యుత్ మోటార్ శక్తిని 120 కిలోవాట్ల నుంచి 350 కిలోవాట్లకి పెంచారు, మొత్తం శక్తిలో దాదాపు సగం కరెంటు నుంచే వస్తుంది. ఇంధనం పూర్తిగా సుస్థిర పద్ధతిలో తయారైనది వాడాలి. వీటికి తోడు ఇంజిన్ల ఖర్చుకి పరిమితి పెట్టారు. హైబ్రిడ్ కార్లు అమ్ముకునే కంపెనీకి బోర్డు ముందు కూర్చుని వాదించడానికి ఇవి కావాలి. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కొన్నవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ళకి ఆ వాదన చప్పున అర్థమవుతుంది.

ఈ ఇంజిన్ నిబంధనలు 2026 నుంచి 2030 దాకా ఉండేలా రాశారు. కాబట్టి "వచ్చే ఏడాది టొయోటా సొంత ఇంజిన్‌తో" అని థంబ్‌నెయిల్ చూస్తే వీడియో తెరవకండి. మధ్యలో వస్తున్నవాళ్ళు అసలు లేరా అంటే జనరల్ మోటార్స్ ఉంది, క్యాడిలాక్ జట్టుతో 2026లో ఫెరారీ ఇంజిన్ పెట్టుకుని వచ్చి, సొంత ఇంజిన్‌కి 2029 అని లక్ష్యం పెట్టుకుంది. చూశారా, అంత డబ్బున్న జీఎం కూడా ఇంజిన్‌కి మూడేళ్ళు అదనంగా అడిగింది.

భవనాలు, మనుషులు, యంత్రాలు

మాటలకంటే గట్టి ఆధారం సామగ్రి. ఇంజిన్‌ని బిగించి రాత్రింబవళ్ళు నడిపి చూసే డైనో గదులు కావాలి, వాటిని కట్టడానికీ సరిచేయడానికీ నెలలు పడుతుంది, రహస్యంగా ఉంచడం కష్టం. కంపెనీ ఉద్యోగ ప్రకటనలు ఇస్తుంది, వేరే జట్ల నుంచి పేరున్న ఇంజినీర్లను తీసుకుంటుంది, వాళ్ళు పాత ఉద్యోగం వదిలాక కొన్ని నెలలు ఖాళీగా ఇంట్లో కూర్చోవాల్సిన షరతు ఉంటుంది. ఆ కదలికలు వార్తల్లోకి వస్తాయి. ఎవరెవరు ఏ నెలలో ఎక్కడ చేరారో ఒక కాగితం మీద రాసుకోండి, డ్రైవర్ల పేర్లకంటే ఇంజిన్ డిజైన్, దహనం, బ్యాటరీ విభాగాల వాళ్ళ పేర్లు ముఖ్యం.

టొయోటా సంగతిలో ఇక్కడే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. కొలోన్ ఫ్యాక్టరీ ఎప్పుడూ మూతపడలేదు. అక్కడి విండ్ టన్నెల్‌ని (కారు మీద గాలి ఎలా పారుతుందో పరీక్షించే సొరంగం) మెక్‌లారెన్ జట్టు 2010 నుంచి ఏళ్ళ తరబడి అద్దెకి వాడుకుంది, 2023లో సొంతది కట్టుకునేదాకా. లె మాన్స్ 24 గంటల రేసు ఆడే టొయోటా కార్ల పని కూడా కొలోన్ నుంచే జరుగుతుంది. కాబట్టి "కొలోన్‌లో ఏదో జరుగుతోంది" అంటే అది ఎఫ్1 అని అర్థం కాదు, అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

లె మాన్స్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 2016లో చివరి నిమిషాల్లో ముందు ఉన్న టొయోటా కారు శక్తి కోల్పోయి నిలిచిపోయింది, 23 గంటల 50 నిమిషాలకు పైగా పడ్డ కష్టమంతా పిట్ గోడ ముందే పోయింది. అయినా కంపెనీ వదల్లేదు. 2018లో గెలిచింది, ఆ ఏడాదితో కలిపి 2022 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఎఫ్1 వదిలేసిందని టొయోటాని పిరికిదనేవాళ్ళకి ఇది చూపించండి. అదే అనుభవం, అదే హైబ్రిడ్ నైపుణ్యం ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది, 2002లో లేనిది ఇదే. నేను ఆశ పెట్టుకున్నది కూడా దీని మీదే.

ఎవరు మాట్లాడారు, ఏ కాగితం బయటికొచ్చింది

వార్తలో మాట ఎవరిదో చూడండి. రేసింగ్ విభాగం అధిపతి "ఆసక్తిగా గమనిస్తున్నాం" అంటే దానికి విలువ తక్కువ, ఏ విలేకరి అడిగినా ఆ మాటే చెబుతారు. కంపెనీ బోర్డు ఆమోదించింది అంటే ఎక్కువ. అంతకంటే ఎక్కువ ప్రభుత్వ సంస్థల దగ్గర పెట్టిన దరఖాస్తు. 2022లో పోర్షే, రెడ్‌బుల్ మాట్లాడుకుంటున్నాయని అందరికీ తెలుసు గానీ వివరాలు ఎవరూ చెప్పలేదు, చివరికి బయటపెట్టింది మొరాకో దేశపు కాంపిటీషన్ కౌన్సిల్. కంపెనీలు చేతులు మారేటప్పుడు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి అడగాలి, ఆ దరఖాస్తులో పోర్షే రెడ్‌బుల్ సాంకేతిక సంస్థలో 50 శాతం కొనబోతోందని రాసి ఉంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

అయినా అది జరగలేదు. 2022 సెప్టెంబర్లో చర్చలు ముగిశాయని పోర్షే ప్రకటించింది. సమాన భాగస్వామ్యం కావాలని పోర్షే, జట్టు నిర్ణయాలు తమ చేతిలోనే ఉండాలని రెడ్‌బుల్. ఈ సంఘటన గుర్తుపెట్టుకోండి, కాగితం ఉన్నా సంతకం పడేదాకా అది ఉద్దేశమే. కొనుగోలు వార్త వస్తే డబ్బు లెక్కతో పాటు, రేపు డ్రైవర్‌ని ఎవరు ఎంచుకుంటారు, ఇంజిన్ విభాగానికి ఎవరు బాస్ అన్నది కూడా వెతకండి. బేరాలు చెడేది ఎక్కువగా అక్కడే.

ప్రపంచంలో ఎంత పెద్ద కంపెనీ అయినా కొత్త జట్టుగా రావాలంటే రెండుచోట్ల అనుమతి కావాలి, నిబంధనలు చూసే ఎఫ్‌ఐఏ దగ్గర ఒకటి, వ్యాపార హక్కులున్న ఫార్ములా వన్ యాజమాన్యం దగ్గర ఒకటి. ఆండ్రెట్టి అనే అమెరికా రేసింగ్ సంస్థ కథ దీనికి మంచి పాఠం. 2023 జనవరిలో జీఎంతో కలిసి వస్తున్నామని ప్రకటించారు, అక్టోబర్లో ఎఫ్‌ఐఏ సరేనంది, 2024 జనవరి 31న ఫార్ములా వన్ వద్దంది. చివరికి జీఎం ముందుకొచ్చాక 2024 నవంబర్లో సూత్రప్రాయంగా, 2025 మార్చిలో పూర్తిగా అనుమతి దొరికి క్యాడిలాక్ పదకొండో జట్టు అయింది. పది జట్లు పంచుకునే బహుమతి డబ్బును పదకొండు పంచుకోవాలి కాబట్టి పాత జట్లకి నష్టపరిహారం కట్టాలి, అంతకుముందు ఒప్పందంలో దాన్ని 20 కోట్ల డాలర్లుగా రాసుకున్నారు. అందుకే తెలివైన కంపెనీలు ఉన్న జట్టునే కొంటాయి, ఆడీ చేసింది అదే. టొయోటా గురించి పుకారు వస్తే కొత్త జట్టు అన్నది పక్కన పెట్టి, హాస్‌లో వాటా కొంటుందా అన్న వైపు చూడండి.

సంతకం పడ్డాక కూడా

ఇది రాయడం ఇష్టం లేకపోయినా రాయాలి. 2009 ఆగస్టు 1న బీఎండబ్ల్యూ తప్ప జట్లన్నీ కాంకర్డ్ ఒప్పందం (ఎఫ్1ని నడిపేవాళ్ళకీ జట్లకీ మధ్య ఉండే ఒప్పందం) మీద సంతకాలు చేశాయి, 2012 దాకా ఉంటామని. టొయోటా కూడా చేసింది. నవంబర్ 1న అబూదాబీలో చివరి రేసు అయింది, 4న టోక్యోలో వెళ్ళిపోతున్నామని చెప్పేశారు. జట్టు పెద్ద తదాషి యమాషినా ఆ విలేకరుల సమావేశంలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2010 కోసం టీఎఫ్110 అనే కారు అప్పటికే తయారైంది, ఆ కారు ఒక్క రేసూ ఆడలేదు. కారణం రేసుల్లో లేదు. 2008 ఆర్థిక సంక్షోభం దెబ్బకి 2009 మార్చితో ముగిసిన ఏడాదికి కంపెనీ నష్టాలు చూపించింది, అంతకుముందు ఏళ్ళ తరబడి లాభాలే తెలిసిన కంపెనీ అది. కొలోన్‌లో ఎంతోమంది పని పోయింది. వెళ్ళిపోతున్నామని ప్రకటించినప్పుడు ప్రెసిడెంట్ అకియో టొయోడా, 2024లో హాస్ ఒప్పందం వేదిక మీద ఛైర్మన్ హోదాలో ఉన్నదీ ఆయనే. ఈ తిరిగి రావడంలో ఆయన మనసు కూడా ఉందని నేను నమ్ముతున్నాను.

అదే కాలంలో హోండా 2008 డిసెంబర్లో వెళ్ళిపోయింది, వదిలేసిన కారే బ్రాన్ పేరుతో 2009లో రెండు ఛాంపియన్‌షిప్‌లూ గెలిచింది. బీఎండబ్ల్యూ 2009 జులై చివరిలో, సంతకం చేయకుండానే వెళ్ళింది. హోండా మళ్ళీ 2020 అక్టోబర్లో వెళ్తామని చెప్పింది, ఆ తర్వాతి ఏడాది వాళ్ళ ఇంజిన్‌తో రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయ్యాడు, 2023లో మళ్ళీ వస్తామంది. రెనో అయితే 1977లో టర్బోని ఎఫ్1కి పరిచయం చేసిన కంపెనీ, 2025 చివరితో ఇంజిన్ల తయారీ ఆపేసింది, సొంత జట్టు ఆల్పీన్ మెర్సిడెస్ ఇంజిన్ వాడుకుంటోంది.

కాబట్టి వస్తున్న కంపెనీ ఎంతకాలం ఉంటుందో అంచనా వేయాలంటే రేసు ఫలితాలకంటే ముందు కంపెనీ వార్షిక లాభనష్టాలు చూడండి, కార్ల అమ్మకాలు ఎటు పోతున్నాయో చూడండి, ఈ నిర్ణయం తీసుకున్న సీఈవో ఇంకా కుర్చీలో ఉన్నాడా అని చూడండి. సీఈవో మారిన ఏడాది రేసింగ్ విభాగానికి టెన్షన్ తప్పదు. ఒక మంచి మార్పు ఏమిటంటే 2021 నుంచి జట్ల ఖర్చుకి పరిమితి ఉంది, మొదటి ఏడాది అది 14.5 కోట్ల డాలర్లు, డ్రైవర్ల జీతాల్లాంటివి కొన్ని లెక్కలోకి రావు. టొయోటా రోజుల్లో అడ్డూ ఆపూ లేదు, ఎంత పోస్తే అంత. ఇప్పుడు జట్టు విలువ ఏటా పెరుగుతోంది, కాబట్టి వదిలి వెళ్ళేముందు బోర్డు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

వచ్చిన మొదటి ఏడాది ఏం ఆశించాలి

తక్కువ ఆశించండి. టొయోటా 2002లో మొదటి రేసులోనే మెల్‌బోర్న్‌లో మికా సాలో ఆరో స్థానంతో ఒక పాయింటు తెచ్చాడు, అందరూ ఆహా అన్నారు, సీజన్ మొత్తానికి వచ్చినవి రెండే పాయింట్లు. మెక్‌లారెన్ హోండా 2015లో జట్లలో తొమ్మిదో స్థానం, సుజుకాలో, అది కూడా హోండా సొంత ట్రాక్ మీద, వాళ్ళ డ్రైవర్ అలోన్సో రేడియోలో "జీపీ2 ఇంజిన్" అని అరిచాడు, అంటే ఇది ఎఫ్1 కింది స్థాయి రేసుల ఇంజిన్‌లా ఉందని. అదే హోండా నాలుగేళ్ళకి 2019లో ఆస్ట్రియాలో వెర్‌స్టాపెన్‌తో గెలిచింది. కాబట్టి మొదటి ఏడాది స్థానాల పట్టిక వదిలేసి వేరేవి చూడండి: టెస్టుల్లో ఎన్ని ల్యాపులు ఆగకుండా తిరిగింది, అదే ఇంజిన్ ఉన్న వేరే జట్టుతో పోలిస్తే ఎంత వెనక ఉంది, ప్రతి అప్‌గ్రేడ్ తర్వాత టైమ్ తగ్గిందా లేదా. ఇవి తగ్గుతూ వస్తే ఓపిక పట్టొచ్చు. మీ ఊళ్ళో చిన్న ఫార్ములా కారు కట్టి కాలేజీ పోటీలకి తీసుకెళ్ళే మెకానికల్ పిల్లలు ఎవరైనా ఉంటే అడగండి, బండి స్టార్ట్ అవడానికీ, రోజంతా ఆగకుండా తిరగడానికీ మధ్య ఎంత దూరం ఉందో వాళ్ళు చెబుతారు.

ఇక్కడి నుంచి ఫాలో అవ్వడం

టైములు గుర్తుంటే పుకార్లు వడపోయడం కూడా తేలిక. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, కాబట్టి టొయోటా, హోండా అధికారిక ప్రకటనలు సాధారణంగా మనకి పొద్దున్న, మధ్యాహ్నం లోపే వచ్చేస్తాయి. యూరప్ జట్లవీ ఎఫ్‌ఐఏవీ మధ్యాహ్నం దాటాక. అర్ధరాత్రి వచ్చిన "బ్రేకింగ్" వార్తని తెల్లారేదాకా ఎవరికీ పంపకండి, పొద్దున్న కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉందా చూడండి, ఉంటే అప్పుడు గ్రూపులో పెట్టండి. ఫార్వర్డ్‌లో తేదీ లేకపోతే అది ఎన్నేళ్ళ పాతదో తెలియదు, టొయోటా హాస్ ఫొటోలు 2024వి ఇప్పటికీ కొత్త వార్తలాగా తిరుగుతున్నాయి. దీని మీద పందేలు అసలే కాయొద్దు.

రేసుల విషయానికొస్తే, యూరప్ రేసులు ఎక్కువగా మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి, ఇంట్లో అందరూ ఉండే వేళ, పిల్లలకి చూపించాలంటే వీటితో మొదలుపెట్టండి. సుజుకా పొద్దున్న పదిన్నరకి. కెనడా, అమెరికాలోని ఆస్టిన్ రేసులు రాత్రి బాగా పొద్దుపోయాక, అవి చూసేది రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు చూసుకుంటూ రాత్రంతా మేలుకునే కుర్రాళ్ళే. వాళ్ళకి రేసు మొత్తం తెలుసు, పొద్దున్నకి మిగతావాళ్ళకి చెప్పేదీ వాళ్ళే.

టొయోటా విషయంలో ఇకపై మీరు కన్నేసి ఉంచాల్సినవి ఇవి. హాస్ వాడే ఫెరారీ ఇంజిన్ ఒప్పందం పొడిగిస్తారా, పొడిగిస్తే ఎంతకాలానికి, ఎక్కువ కాలానికైతే టొయోటా ఇంజిన్ మాట ఇప్పట్లో మరిచిపోవచ్చు. హాస్ కారు బాడీ పని చాలాకాలంగా ఇటలీలోని డల్లారా కంపెనీతో చేయిస్తారు, ఆ పనిలో కొంత జపాన్‌కో కొలోన్‌కో మారితే అది పెద్ద సంకేతం. పాత కార్ల టెస్టుల్లో తిప్పుతున్న టొయోటా డ్రైవర్లలో ఎవరికైనా హాస్‌లో పూర్తి సీటు దొరికితే ఇంకొక మెట్టు. హాస్ యజమాని వాటా అమ్మితే ఇక చెప్పక్కర్లేదు. చివరిగా 2030 తర్వాత ఇంజిన్లు ఎలా ఉండాలన్న చర్చలకి ఏ ఏ కంపెనీలు కూర్చుంటున్నాయో చూడండి, ఆ బల్ల దగ్గర టొయోటా మనిషి ఉన్నాడని ఎఫ్‌ఐఏ పేరుతో వార్త వస్తే, అర్ధరాత్రైనా సరే, అది మాత్రం నాకు వెంటనే పంపండి.